స్టైలో మేత మొలవడానికి నేను పడ్డ పాట్లు

ఇవాళ పొద్దున చెలక చూసి వచ్చి, ఆ ఊపులోనే రాస్తున్నా.

మేం హయత్‌నగర్‌లో ఉంటాం. ఇబ్రహీంపట్నం దాటాక రెండెకరాల ఎర్ర చెలక, పదేళ్లుగా పడావు. ఐదు బర్రెలకు ఇన్నాళ్లూ మూసీ ఒడ్డున పెంచే పారా గడ్డి మోపులు కొన్నాం. పాలు అమ్మిన డబ్బు సగం ఆ గడ్డికే పోయేది.

సర్కారు తుమ్మను జేసీబీతో వేళ్లతో సహా పెరికించాం. బోరు పక్కన పది గుంటల్లో కో-4 రకం నేపియర్ గడ్డి నాటాం: రెండు కణుపుల ముక్కలు, ఒక కణుపు మట్టిలోకి. అది ఏ ఇబ్బందీ పెట్టలేదు.

నీళ్లు అందని మిగతా చెలకే నా పరువు తీసింది. అక్కడ స్టైలో వేద్దామనుకున్నా. పప్పుజాతి మేత, ఎండకు ఆగుతుంది, ఒకసారి నిలదొక్కుకుంటే రాలిన గింజలతో మళ్లీ అదే మొలుస్తుంది. విత్తనాల షాపాయన సంచి చేతిలో పెట్టి "చల్లెయ్యండి, అదే వస్తది" అన్నాడు. జూన్ వానకు చల్లాను. ఇరవై రోజులైనా వయ్యారిభామ తప్ప ఏమీ లేదు. పక్క చేనాయన, మేం కాక అని పిలుస్తాం, రోజూ గట్టు మీద నిలబడి, "ఏమిరా, నీ పట్నం గడ్డి లేచిందా?" అనేవాడు.

షాపాయనను అడిగితే నేలదే లోపమన్నాడు. ఒక ఆఫీసుకు వెళ్తే, పది మంది ముందు ఆ సారు "నేల మీద చల్లినవా, సిమెంటు మీదనా?" అన్నాడు. అందరూ నవ్వారు. మూడుసార్లు తిరిగా, మూడుసార్లూ రేపు రమ్మన్నారు. నన్నడిగితే అక్కడికి పోవడం కంటే బర్రెలతో మాట్లాడుకోవడం నయం.

చివరికి దారి చూపింది రాజేంద్రనగర్ వైపు గడ్డి మడుల్లో కూలికి పోయే ఒక పెద్దమ్మ. "నీళ్లు కాగబెట్టి పోసినవా బిడ్డా?" అంది. ఈమె కూడా ఎగతాళి చేస్తోందనుకున్నా. గింజ పైపొర గట్టిదట, నీరు లోపలికి దిగదట. 80 డిగ్రీల నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి చల్లాలి.

విత్తనం ఉడికిపోతుందేమోనని ఒకటే టెన్షన్. పిల్లల జ్వరం థర్మామీటరు ముంచబోతే మా ఆవిడ లాక్కుంది. గిన్నె అడుగున బుడగలు లేస్తుండగానే దించేశా. ముందు ఇరవై గింజలు వేడినీళ్లవి, ఇరవై మామూలువి, రెండు తడిగుడ్డల్లో చుట్టిపెట్టాం. వారం తర్వాత విప్పితే మొదటి గుడ్డలో పద్నాలుగు తెల్లటి మొలకలు. రెండో దాంట్లో రెండే.

జూలై వానకు మళ్లీ చల్లి, పైపైన ముళ్లకొమ్మ ఈడ్పించా. లోతుగా పడితే రాదు. పక్కనే అంజన్ గడ్డి వేశా. దాని గింజ దూదిలా ఎగిరిపోతుంది, తడిమట్టిలో కలిపి చల్లండి. దానికి కొత్త విత్తనం కొనకండి, కోసిన కొన్ని నెలలదాకా సరిగ్గా మొలవదు. నిరుటిది అడగండి.

ఇప్పుడు స్టైలో జానెడు లేచింది. చుట్టుపక్కల ఇంత పచ్చగా ఉన్న చెలక ఇంకొకటి చూపించమనండి! ఈ ఏడాది మాత్రం బర్రెలను లోపలికి వదలను, గింజ రాలాలి. మేకలు రాకుండా కంప కొట్టాను.

నిన్న ఆ కాకే వచ్చి పిడికెడు విత్తనం అడిగాడు. ఇచ్చాను. వేడినీళ్ల సంగతి రెండు రోజులాగి చెబుతా.