పెట్టె మీద మౌజర్ 98 అని రాసి ఉన్నంత మాత్రాన

మా మేనమామ ఎన్నో ఏళ్లు వాడి, ఆ తరువాత చట్టప్రకారం నా పేరుకు మారిన మౌజర్ 98 వేట రైఫిల్‌కు స్కోప్ (గురిచూసే దూరదర్శిని) బిగించాలనుకున్నప్పుడు ఆ పని ఒక పూటలో తేలిపోతుందనుకున్నాను. పెట్టె మీద "మౌజర్ 98" అని అచ్చువేసి ఉన్న బేస్‌ల (స్కోప్‌ను పట్టే రింగులు కూర్చునే లోహపు పీటల) జత ఒకటి కొన్నాను. ముందు బేస్ రిసీవర్ (బ్యారెల్ వెనక, తూటాను లోపలికి తోసి మూసే బోల్ట్ కదిలే లోహపు గూడు) మీద అతికినట్టు కూర్చుంది. వెనక బేస్ మాత్రం వేలితో నొక్కితే అటూ ఇటూ ఊగింది. దాని కింద ఒక సన్నని కాగితం ముక్క పెట్టి చూస్తే ఎడమ వైపు బిగుసుకుపోయింది, కుడి వైపు ఏ అడ్డూ లేకుండా లోపలికి జారిపోయింది.

తప్పు బేస్‌ది కాదు. సైన్యం కోసం తయారైన మౌజర్ 98కు మామూలుగా స్కోప్ రంధ్రాలు ఉండవు. పైగా తూటాల క్లిప్పును నిలబెట్టడానికి రిసీవర్ వెనక భాగం మీద ఒక మిట్ట ఉంటుంది. దాన్ని వేట రైఫిల్‌గా మార్చే పనివాడు ఆ మిట్టను తన కంటి అంచనాతో అరగదీసి, తనకు నచ్చిన చోట రంధ్రాలు వేసి, తన దగ్గరున్న ట్యాప్‌తో మరలు కోస్తాడు కాబట్టి, ఒకే పేరున్న రెండు రైఫిళ్ల వెనక భాగాలు ఒకే ఎత్తులో ఉంటాయన్న భరోసా లేదు. రింగు అని పిలిచే రిసీవర్ ముందు భాగంలోనూ రెండు రకాలున్నాయి: పెద్ద రింగు వ్యాసం సుమారు 35.8 మిల్లీమీటర్లు, చిన్న రింగుది సుమారు 33. ఒకదాని వంపుకు కోసిన బేస్ రెండోదాని మీద కూర్చోదు.

అందువల్ల నేను మళ్లీ మొదటి నుంచి, ఈసారి కొలతలతో మొదలుపెట్టాను. ఛాంబరూ మ్యాగజైనూ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ చూసుకుని, బోల్ట్ బయటికి తీసి పక్కన పెట్టాను. రెండు రంధ్రాల మధ్య దూరాన్ని కేంద్రం నుంచి కేంద్రానికి నేరుగా కొలవడం కష్టం. వాటి లోపలి అంచుల మధ్య దూరాన్ని కాలిపర్‌తో తీసి దానికి ఒక రంధ్రం వ్యాసాన్ని కలిపితే లెక్క సరిపోతుంది, రెండు రంధ్రాలూ ఒకే సైజువైతే. మరల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అమెరికన్ బేస్‌లలో ఎక్కువగా కనిపించే 6-48 స్క్రూ వ్యాసం సుమారు 3.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 48 మరలు. అదే లావున్న మెట్రిక్ స్క్రూ కూడా ఆ రంధ్రంలోకి ఒకటి రెండు చుట్లు హాయిగా దిగి, తరువాత బిగుసుకుపోతుంది. అక్కడ బలం ప్రయోగిస్తే రిసీవర్‌లోని మరలు చెడతాయి. ఎవరైనా ముందే అలా చెడగొట్టి ఉంటే, దాన్ని ఇంకా లావైన 8-40 స్క్రూ సైజుకు పెంచి కొత్త మర కోయడం తుపాకీల పనివాడు చేయవలసిన పని.

ఈ చిక్కు మౌజర్‌కే పరిమితం కాదు. పాత వించెస్టర్ 94 రైఫిల్ కాల్చిన తూటా గొట్టాన్ని నేరుగా పైకి విసురుతుంది కనుక దాని నెత్తిన మామూలుగా స్కోప్ పెట్టడం కుదరదు. 1980ల తొలి ఏళ్లలో వచ్చిన, గొట్టాన్ని పక్కకు విసిరే రకానికైతే కుదురుతుంది. సీజెడ్ 527 రైఫిల్ మీది డవ్‌టెయిల్ (రింగులు పట్టుకోవడానికి రిసీవర్ మీదే కోసిన పట్టా) 16 మిల్లీమీటర్లు, 550 మీదిది 19. స్కోప్‌ను పట్టే రింగుల సంగతికొస్తే, పాత యూరోపియన్ స్కోపుల్లో 26 మిల్లీమీటర్ల ట్యూబు ఉన్నవి దొరుకుతాయి, వాటిని 25.4 రింగులో బిగిస్తే ట్యూబు నొక్కుకుపోతుంది.

నేను చేసిన అసలు పొరపాటు స్క్రూ పొడవును చూసుకోకపోవడం. ముందు బేస్ బిగించి బోల్ట్ వేస్తే, దాని పిడి చివరి అంగుళం కిందికి దిగనని మొండికేసింది. విప్పి చూస్తే బోల్ట్ లగ్గు (బోల్ట్‌ను రిసీవర్‌లో లాక్ చేసే ముక్క) పైన వెండిలా మెరిసే సన్నని గీత కనిపించింది: ముందు బేస్‌లోని వెనక స్క్రూ కొన రిసీవర్ లోపలికి పొడుచుకొచ్చింది. ఆకురాయితో ఆ కొనను కొద్దికొద్దిగా అరగదీస్తూ, ప్రతిసారీ బిగించి బోల్ట్ ఆడించి చూశాను. మూడోసారికి అడ్డు పోయింది.

ఊగుతున్న వెనక బేస్ కోసం రిసీవర్‌ను తాకలేదు. పాత మౌజర్ రిసీవర్ పైపొరను గట్టిపరిచి ఉంటారు, బేస్ చెడితే ఇంకొకటి కొనుక్కోవచ్చు. జిగురు అంటుకోకుండా రిసీవర్‌కు మైనం రాసి, బేస్ అడుగున ఉక్కు పొడి కలిపిన ఎపాక్సీ జిగురు పూసి, ఒక రాత్రి గట్టిపడనిచ్చాను. మర్నాడు కాగితం ముక్క ఏ వైపూ దూరలేదు.

మిగిలింది సేఫ్టీ, అంటే తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే మీట. పాత సేఫ్టీ రెక్క నిలువుగా లేచేటప్పుడు స్కోప్ కంటివైపు భాగానికి తగులుతుంది. ఎత్తైన రింగులతో తప్పించవచ్చు గాని, అప్పుడు చెంప రైఫిల్ కట్టె (వెనక చెక్క భాగం) మీద ఆనదు. నేను రెక్క పైకి లేవని సేఫ్టీ పెట్టించి, రింగులను కిందికే ఉంచాను. చివరగా బోల్ట్ తీసి, బ్యారెల్ గుండా దూరపు గుర్తును చూస్తూ స్కోప్‌ను దానికి సరిపెడితే, గురిని ఎడమకూ కుడికీ జరిపే అడ్డ సవరణ మధ్య నుంచి నాలుగు క్లిక్కులు మాత్రమే తిరిగింది. మిట్టను వంకరగా అరగదీసిన ఆ పాత పనివాడు, రంధ్రాలను మాత్రం బ్యారెల్‌కు సూటిగానే వేశాడు.