మా షాప్ ఫ్లోర్‌లో కువి వినిపించిన రోజు

రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌లో ఏడేళ్లు చేశాను, అక్కడ ఒడియా, తెలుగు, కొంధ్ ఆదివాసీలు మాట్లాడే కువి, మూడూ వినపడతాయి, సూపర్‌వైజర్లు ఎక్కువమంది పార్వతీపురం వైపు నుంచి వచ్చిన మనోళ్లే. పైనుంచి డైవర్సిటీ పాలసీ అని ఇంగ్లీషులో మెయిల్ వచ్చింది, పోస్టర్లు అంటించాం, అంతే. సేఫ్టీ ట్రైనింగ్ మాత్రం ఒడియాలోనే, కొంధ్ కుర్రాళ్లు తలూపేసి వెళ్లిపోయేవాళ్లు, అర్థమైందా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చట్టాలు ఉన్నాయి. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట, ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అందులో కనీసం సగం మంది ఆడవాళ్లు. మాదీ ఉంది, కానీ దాని నోటీసు కువి వాళ్లకి ఎవరు చదివి చెప్తారు?

చివరికి కువి వచ్చిన ఒక ఆపరేటర్ అమ్మాయి చేత మెషిన్ దగ్గరే వాళ్ల భాషలో చెప్పించాం, అంతే, ప్రశ్నల మీద ప్రశ్నలు! ఒక పాత సూపర్‌వైజర్ గారు నా దగ్గరికొచ్చి "ఇన్నాళ్లూ వీళ్లు మాట్లాడరనుకున్నానమ్మా" అన్నారు.

ఆ అమ్మాయికి ట్రైనర్ పోస్టు ఇప్పించడానికి ఇంకో రెండేళ్లు పట్టింది, ఆ పోస్టుకి ఇంటర్ పాస్ అయ్యుండాలని ఫారంలో రాసుంది మరి.