ఓనర్ మన ఇంటికి తాళం వేస్తే... నా అనుభవం

మా ఓనర్ గారు ఖాళీ చేయమని నోటితో అన్నది తక్కువ, నీళ్ల మోటారుతో చెప్పించిందే ఎక్కువ. హైదరాబాద్‌లో రెండో అంతస్తు మాది. ఇల్లు అమ్మకానికి పెట్టారు, కొనేవాళ్లకి ఖాళీ ఇల్లు కావాలట. మా ట్యాంకుకి మోటారు వేయడం మానేశారు. అడిగితే "రిపేరమ్మా" అనేవారు, కింద వాళ్ల వాటాలో మాత్రం కుళాయి ధారగా పోసేది. తర్వాత మీటరు బోర్డులో మా ఫ్యూజు ఒక్కటే మాయమవడం మొదలైంది. "అగ్రిమెంటు పదకొండు నెలలదే కదమ్మా, ఎప్పుడో అయిపోయింది. ఇంకా ఏ హక్కుతో ఉంటున్నారు?" అనేవారు. అద్దె మాత్రం నెలనెలా తీసుకుంటూనే ఉన్నారు.

ఊళ్లో పెళ్లి చూసుకుని తిరిగొచ్చేసరికి గొళ్లేనికి మా తాళం పక్కనే ఇంకో కొత్త తాళం. దాని మీద స్టిక్కరు కూడా పీకలేదు. పాప పుస్తకాలు, మామగారి బీపీ మందులు అన్నీ లోపలే. స్టేషన్‌కి వెళితే "ఇది సివిల్ మ్యాటరమ్మా, కూర్చుని మాట్లాడుకోండి" అన్నారు. ఆ రాత్రి చుట్టాలింట్లో పడుకున్నాం. టెన్షన్‌తో ఎవరికీ నిద్ర లేదు.

మర్నాడు కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లాను. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. లాయర్ మేడమ్ మొదట అడిగింది ఒకటే. "ఓనర్ దగ్గర కోర్టు ఆర్డరు ఉందా?" లేదన్నాను. "అయితే ఆ తాళం చెల్లదు" అన్నారు.

అగ్రిమెంటు గడువు తీరినా ఓనర్ అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దె కిందికి వస్తుందట. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం దాన్ని ముగించాలంటే సంతకం పెట్టిన రాతపూర్వక నోటీసు ఇచ్చి, 15 రోజుల గడువు ఇవ్వాలి. ఫోన్లో అరిస్తే నోటీసు కాదు. అసలు విషయం ఆ తర్వాత ఉంది. నోటీసు గడువు అయిపోయినా మనం కదలకపోతే ఆయన కోర్టులో దావా వేయాల్సిందే తప్ప, సొంతంగా తాళం వేయడానికి లేదు. హక్కు లేకుండా ఉంటున్నవాణ్ణి కూడా యజమాని చట్టప్రకారమే ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. నీళ్లు, కరెంటు ఆపడం కూడా బలవంతంగా వెళ్లగొట్టడమేనన్నారు మేడమ్. తెలంగాణలో రెంట్ కంట్రోల్ చట్టం చిన్న అద్దెలకే వర్తిస్తుంది కాబట్టి మాకు దిక్కు సివిల్ కోర్టే. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, బయటికి నెట్టిన 6 నెలల్లోపు దావా వేస్తే ఇల్లు ఎవరిదన్న గొడవలోకి పోకుండానే తిరిగి లోపలికి పంపిస్తారు.

మాకు అంతదాకా రాలేదు. మేడమ్ పోలీసులకి ఇవ్వడానికి పిటిషన్ రాయించారు. అద్దె కథంతా తీసేసి, మేము ఉంటున్న ఇంటికి తాళం వేశారు, మందులు తీసుకోనివ్వడం లేదు, అంతే. తాళం ఫోటోలు, ఫోన్‌పేలో అద్దె కట్టిన స్క్రీన్‌షాట్లు, ఆ అడ్రసుతో ఉన్న గ్యాస్ బిల్లు జత చేశాం. స్టేషన్‌లో రసీదు ఇచ్చేదాకా కదలొద్దన్నారు, కదల్లేదు. ఎస్సై మా ముందే ఓనర్‌కి ఫోన్ చేశారు. మేడమ్ నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో విడిగా వెళ్లింది.

సాయంత్రానికి తాళం పోయింది. "పోలీసుల దాకా ఎందుకమ్మా, నాతో అంటే సరిపోయేదిగా!" అన్నారు ఓనర్ గారు, ఆ తాళం దానంతటదే వచ్చి వేలాడినట్టు.

ఆ తర్వాత ఆయన పద్ధతిగా నోటీసు పంపారు, మేమూ ఇల్లు వెతుక్కున్నాం. అద్దె ఒక్క నెల కూడా ఆపొద్దని, అదే ఆయనకి దావా వేయడానికి కారణమవుతుందని మేడమ్ హెచ్చరించారు. అడ్వాన్సు ఖాతాలో పడ్డాకే తాళంచెవులు ఇచ్చాం. పెయింటింగ్ ఖర్చంటూ అందులో కొంత కోశారు. దానికోసం మళ్లీ తిరిగే ఓపిక లేక ఊరుకున్నాం.