పిన్ని తలలో ప్లాటినం కాయిల్

మా పిన్నికి అన్యూరిజం పగిలిందని తెలిసినప్పటి నుంచి దాని గురించే చదువుతున్నా. మెదడులో రక్తనాళం గోడ ఒకచోట పల్చబడి బుడగలా ఉబ్బుతుంది, అది పగిలితే జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా వస్తుంది, వాంతులు, మెడ పట్టేయడం. కూకట్‌పల్లిలో డాబా మీద బట్టలు ఆరేస్తూ పిన్ని తల పట్టుకుని కూలబడిపోయింది, పక్కింటావిడ ఎండదెబ్బేమో అంటున్నా బాబాయ్ వినకుండా ఆటో ఎక్కించేశాడు, ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

తల తెరవలేదండీ. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం మెదడు దాకా పంపి, జుట్టంత ప్లాటినం తీగని ఆ ఉబ్బులో చుట్టలు చుట్టలుగా నింపేశారు. డాక్టర్ గారు స్క్రీన్ మీద చూపిస్తే, నాళం రెండుగా చీలే చోట నల్లటి ఉండలా కనిపించింది.

ఈ కాయిల్ గుగ్లియెల్మి అనే డాక్టర్ తీసుకొచ్చింది, 1990లో మొదటిసారి పేషెంట్‌కి వాడారు. తర్వాత ఈ కాయిలింగ్‌నీ, తల తెరిచి ఉబ్బు మొదట్లో క్లిప్ పెట్టే క్లిప్పింగ్‌నీ పోల్చిన ఐశాట్ అని పెద్ద ట్రయల్, 2143 మంది మీద, 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రెండు పద్ధతులకీ వీలున్న, పగిలిన అన్యూరిజంలలో, ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి క్లిప్పింగ్‌లో 30.6 శాతం, కాయిలింగ్‌లో 23.7 శాతం. ఆ తేడాలో ఎంతమంది పిన్నిలు ఉన్నారో కదా! అలాగని క్లిప్పింగ్ పాతదైపోలేదు, కొన్నిటికి అదే బెస్ట్, పైగా కాయిల్ పెట్టినచోట ఉబ్బులో మళ్లీ రక్తం నిండే ఛాన్స్ ఎక్కువ కాబట్టి ఫాలోఅప్ స్కాన్లు మానకూడదు.

బీపీ ఉన్నవాళ్లు మాత్రలు ఆపకండి, సిగరెట్ తాగేవాళ్లు మానేయండి ప్లీజ్. అలాంటి తలనొప్పి వస్తే మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే 108కి కాల్ చేయండి.