పొట్టు యాడికి వోవాలె?

మిషిగన్ నుంచి వచ్చేసేటప్పుడు కంటైనర్‌లో మా సోఫా ఎక్కలేదు గానీ నా పద్నాలుగు అంగుళాల బ్యాండ్‌సా ఎక్కింది, రెండు చక్రాల మీద బ్లేడు పట్టీలా తిరిగే రంపం మెషీన్. "గిన్నెలన్నీ అక్కడే పారేసి ఈ రంపాన్ని మోసుకొచ్చావా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. సైనిక్‌పురిలో మా కారు షెడ్డే ఇప్పుడు వర్క్‌షాప్. కారు వీధిలో ఎండుతోంది.

అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. అందుకని ఇక్కడి మోటారే బిగించాం. నిమిషానికి 1725 చుట్లు తిరిగే చోట 1440 తిరుగుతోంది. రంపం ఆరో వంతు నెమ్మదించిందని లెక్క తేల్చింది మా పదమూడేళ్ల అమ్మాయి. ఆ నెలలో అది నాతో విసుక్కోకుండా మాట్లాడిన మాట అదొక్కటే. స్కూల్లో దాని తెలుగు విని పిల్లలు నవ్వుతున్నారు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడితే అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటుంది. అక్కడ ఏడేళ్లు తెలుగు క్లాసుకి తిప్పాను. పద్యాలు పది వచ్చాయి, ఆటో అతనితో మాట్లాడటం రాలేదు.

అప్పుడే జనగామలో మా పాత ఇల్లు విప్పారు. ఒక టేకు దూలం మా వాటాకొచ్చింది. దాన్ని పలకలుగా చీల్చి అమ్మమ్మ దేవుడి మందిరానికి తలుపులు చేద్దామంది అమ్మాయి. ఒకే పలకను మందంలో రెండుగా చీల్చి పుస్తకంలా తెరిస్తే, చెక్క గీతలు ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టు వస్తాయి. వీడియోల్లో చూసిందట.

బ్లేడు ఎంపిక దానికే వదిలేశాను. అంగుళానికి పది పళ్లున్నది తీసుకుంది, నున్నగా కోస్తుందని. అయిదున్నర అంగుళాల ఎత్తున్న టేకులో జానెడు దూరం వెళ్లేసరికి పొగ. కోత మధ్యలో పొట్ట వచ్చినట్టు వంకరపోయింది. "రంపం ఏడుస్తోంది అమ్మా" అంది.

పక్కింట్లో కిటికీలు బిగిస్తున్న వడ్రంగి తాత ఆ చప్పుడుకే వచ్చాడు. బ్లేడును వేలితో తడిమి, "పండ్లు ఎక్కువైనయి బిడ్డా" అన్నాడు.

అమ్మాయి నా వైపు చూసింది. "పండ్లా? ఏ పండ్లు?"

తాత తన నోరు తెరిచి చూపించాడు. అందులోనూ ఎక్కువేం లేవు. ఇద్దరూ నవ్వారు. "పండ్లు ఎక్కువుంటే సాఫుగ కోస్తదనుకోకు. నడుమ సందు లేకపోతే పొట్టు యాడికి వోవాలె?"

అసలు విషయం అదే. లోతైన కోతలో ప్రతి పన్నూ బోలెడు పొట్టు మోయాలి. పళ్ల మధ్య సందు చిన్నదైతే అది నిండిపోతుంది, ఇక పన్ను కోయదు, రుద్దుతుంది. వేడెక్కుతుంది, దారి తప్పుతుంది. ఇలాంటి పనికి అంగుళానికి మూడు పళ్లు చాలు. కోసిన ముఖం గరుకుగా వస్తే రానీ, చిత్రిక ఉన్నదెందుకు?

బ్లేడు వెడల్పు దగ్గర అమ్మాయికీ నాకూ గొడవ. మెషీన్ పుస్తకంలో ముప్పావు అంగుళం దాకా పడుతుందని ఉంది, అదే కావాలంటుంది. పట్టడం వేరు, దాన్ని బిగించేంత టెన్షన్‌ను ఈ చిన్న ఫ్రేమ్ తట్టుకోవడం వేరు. సరిగ్గా బిగిసిన అర అంగుళమే నిటారుగా కోస్తుంది. ఇక టేకులో సిలికా, అంటే ఇసుకలాంటి గట్టి పదార్థం, ఉంటుంది, మామూలు కార్బన్ స్టీల్ పళ్లు తొందరగా మొద్దుబారతాయి. కార్బైడ్ పళ్లయితే చాలాకాలం నిలుస్తాయి గానీ ఖరీదెక్కువ, పైగా పాత దూలంలో ఒక్క మేకు తగిలితే విరిగిపోతాయి. అందుకని మధ్యరకంగా బైమెటల్‌కి, అంటే వంగే స్టీల్ పట్టీకి గట్టి స్టీల్ పళ్లు అతికించిన దానికి, ఒప్పుకుంది.

రాణిగంజ్‌లో కొట్టతను కొలత అడిగితే "తొంభై మూడున్నర అంగుళాలు" అంది. మిల్లీమీటర్లలో చెప్పమన్నాడు. అక్కడే లెక్కేసి 2375 అని తెలుగులో చెప్పింది, రెండువేల మూడువందల డెబ్బయ్యయిదు, ఎక్కడా తడబడకుండా. నేను కావాలనే పక్క షాపులో స్క్రూలు చూస్తున్నాను. అతికించి ఇచ్చిన బ్లేడులో అతుకు దగ్గర బొడిపె ఉండిపోయి చుట్టుచుట్టుకీ టక్‌మంది. అది మళ్లీ వెళ్లింది, ఈసారి ఒక్కతే. కొట్టతనితో వాదించి, బొడిపె అరగదీయించుకొచ్చింది.

దూలం మీద అయస్కాంతం జరుపుతూ ఏడు మేకులు పట్టింది. చుట్టూ చెక్క నల్లబడి ఉంటే లోపల ఇనుము ఉన్నట్టని తాత చూపించాడు. చేతికి గ్లౌజులు వద్దనీ, చివర్లో పలకను కర్రముక్కతో తొయ్యమనీ నేను చెప్పాను. అమ్మ మాత్రం కోత అయ్యేదాకా గుమ్మంలో నిలబడి ఆంజనేయస్వామిని తలుచుకుంటూనే ఉంది.

పలకలు తెరిచి చూస్తే గీతలు అందంగా కలిశాయి. పలకకు ఆ వైపు నుంచి ఈ వైపుకు దిగిన మేకు రంధ్రం కూడా రెండు తలుపుల్లోనూ ఒకే ఎత్తులో, రెండు కళ్లలా వచ్చింది. పుట్టీ పెట్టించమంటుంది అమ్మ, చీమలు దూరతాయట. "ఉండనీ అమ్మమ్మా, దేవుడు బయటికి చూస్తాడు" అంటుంది అమ్మాయి. మందిరం ఇంకా షెడ్డులోనే ఉంది.