బెల్లు మీద ఇంటిపేరు

మాగ్డెబుర్గ్, జర్మనీ, శనివారం

పొద్దున్నే అద్దం ముందు నిలబడి పాఠం అప్పజెప్పుకున్నాను. "ఇష్ మోష్టె మైన్ పకేట్ అప్‌హోలెన్." నా పార్సిల్ తీసుకెళ్లాలి, అంతే. క్రియ చివర్లో రావడం మనకేం కొత్త కాదు కాబట్టి వాక్యం బాగానే నోట్లో పడింది.

గురువారమంతా ఇంట్లోనే ఉన్నా బెల్లు మోగలేదు. సాయంత్రం చూస్తే కింద వీధి తలుపు అద్దానికి చీటీ అంటించి ఉంది, మీరు ఇంట్లో లేరు, ఫలానా షాపులో తీసుకోండి అని. ఒళ్లు మండింది. నిన్న క్లాసులతో కుదరలేదు. రేపు ఆదివారం, అన్నీ మూతే.

ఆ షాపు అమ్మేది పేపర్లు, సిగరెట్లు, లాటరీ టికెట్లు. ఓ మూల పార్సిళ్ల గుట్ట. నా వంతు రాగానే "అప్‌హోలెన్" కాస్తా "అప్‌గేబెన్" అయిపోయింది. అంటే పార్సిల్ ఇచ్చి వెళ్తానని! కౌంటర్‌లో ఆవిడ నా ఖాళీ చేతులు చూసి, నా వెనకాల నేల మీద కూడా చూసింది. చీటీ చూపిస్తే అర్థమైంది.

తర్వాత నంబర్ సరిచూడ్డం. నాన్న వాట్సాప్‌లో పంపిన రసీదు ఫొటో నా చేతిలో, పెట్టె ఆవిడ చేతిలో. ఆవిడ రెండేసి అంకెలు కలిపి చదువుతోంది. 73ని వీళ్లు "మూడూ డెబ్భై" అంటారు. నా చెవికి 37 అనిపించి "నైన్, నైన్", అంటే కాదు కాదు, అని అరిచాను. మళ్లీ చదివించుకుని సారీ చెప్పాను.

అసలు చిక్కు పాస్‌పోర్ట్ దగ్గర వచ్చింది. పెట్టె మీద నాన్న అలవాటుగా నా పేరు ముందు ఇంటిపేరు ఒక్క అక్షరం రాశారు. ఇక్కడ బెల్లుల మీద ఫ్లాట్ నంబర్లుండవు, ఇంటిపేర్లే ఉంటాయి. మా ఓనరు పాస్‌పోర్ట్ చూసి నా ఇంటిపేరు అతికించాడు. డెలివరీ అబ్బాయి నా పేరు వెతుక్కుని ఉంటాడు, అది ఏ బెల్లు మీదా లేదు. పాపం, రెండు రోజులు తిట్టుకున్నాను.

పెట్టె మీది అక్షరం మీద ఒక వేలు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మీద ఇంకో వేలు పెట్టి "ఫమీలియన్‌నామె. కుర్ట్స్" అన్నాను. ఇంటిపేరు, పొట్టిగా అని. ఆవిడ నవ్వి, సంతకం పెట్టించుకుని ఇచ్చేసింది.

ఆవకాయ, కందిపొడి, రెండు కాటన్ చుడీదార్లు. నెయ్యి, కోవా వద్దని అమ్మకి ముందే గట్టిగా చెప్పాను. యూరప్ బయటి నుంచి పాలతో చేసినవి, మాంసం పోస్టులో రానివ్వరు. ఫారంలో గిఫ్ట్ అని, విలువ 45 యూరోలు దాటకుండా రాశారు కాబట్టి కస్టమ్స్ గొడవా లేదు. ఆవకాయ కవరు మూడు పొరలు దాటి నూనె ఒక చుడీదార్ అంచుకి చేరింది. అమ్మకి చెప్పలేదు.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను.

"ఈసారి ఇంటిపేరు పూర్తిగా రాయండి నాన్నా. ఫ్లాట్ నంబర్ అక్కర్లేదు."

"నంబర్ లేకుండా ఎలా చేరుతుందమ్మా?"

"పేరు చూసే ఇస్తారు."

కాసేపు ఆలోచించి, "సర్లే, రెండూ రాస్తాను" అన్నారు.