95 శాతం అయ్యింది కదా అనుకున్నాను

ఫ్రెండ్స్, సెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష) క్వాలిఫై అయ్యాను! రిజల్ట్ పీడీఎఫ్‌లో నా హాల్‌టికెట్ నంబర్ మూడుసార్లు చూసుకున్నా నమ్మకం కుదరక, నిద్రపోతున్న మా ఆయన్ని లేపి చూడమన్నాను. కెమికల్ సైన్సెస్, రెండో అటెంప్ట్. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే.

మొదటిసారి కటాఫ్‌కి 2 మార్కులు తక్కువొచ్చాయి, అంటే ఒక్క బిట్. అదేదో ఇప్పటికీ గుర్తుంది. డైఆసిడ్ (రెండు ఆసిడ్ కొసలున్న అణువు), డైఆల్ (రెండు ఆల్కహాల్ కొసలున్నది) సమాన మోల్స్, చర్య 95 శాతం జరిగింది, పాలిమరైజేషన్ డిగ్రీ, అంటే ఒక్కో గొలుసులో సగటున ఎన్ని ముక్కలు? 95 అంటే గొలుసు దాదాపు పూర్తయినట్టే కదా అని అన్నిటికన్నా పెద్ద నంబర్ పెట్టి వచ్చాను. ఆన్సర్ 20. కరోథర్స్ సమీకరణమే, ఒకటి బై (ఒకటి మైనస్ పి), పి అంటే జరిగిన చర్య వంతు, ఇక్కడ 0.95. ఇంటర్ పిల్లలకి ఇలాగే తయారయ్యే నైలాన్ 6,6 ఏళ్లుగా చెప్తున్నదాన్ని, సిగ్గేసింది.

అర్థమైంది మాత్రం పుస్తకం దగ్గర కాదు. దసరాకి అత్తమ్మ గుడిమల్కాపూర్ నుంచి బంతిపూలు తెచ్చింది. ముగ్గురం కూర్చుని రెండేసి పూలు ముడేసి పడేస్తున్నాం, తర్వాత ఆ ముక్కల్ని ఒకదానికొకటి కలుపుతున్నాం. బుట్టలో విడిపూలు అయిపోయాయి, గుమ్మానికి సరిపోయే దండ మాత్రం ఒక్కటీ లేదు, అన్నీ జానెడు ముక్కలే! చివరి నాలుగు ముళ్లు పడ్డాకే దండ అమాంతం పొడుగైంది. నీళ్లలాంటి చిన్న అణువుని వదిలేస్తూ ముక్కలు కలిసే కండెన్సేషన్ పాలిమర్ కూడా అంతే. 90 శాతానికి 10, 95కి 20, 99కి 100. అడిషన్ పాలిమర్‌లో ఒక్కరే కూర్చుని ఒకే దారానికి చకచకా గుచ్చుకుంటూ పోయినట్టు, పొడుగు గొలుసులు మొదట్నుంచే ఉంటాయి.

అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్-1లో ప్లాస్టిక్ వేస్ట్ కోసం రూల్స్ బట్టీ కొట్టక తప్పదు: 2016 రూల్స్‌లో సంచి మందం 50 మైక్రాన్లు, 2021 సవరణతో 75, 2022 డిసెంబర్ 31 నుంచి 120. మిగతాది నేను అడిక్‌మెట్‌లో పాత సామాన్ కొట్టు ముందు నేర్చుకున్నాను. అక్కడి అన్న వాటర్ బాటిల్ మూత తిప్పి ఒక గోతంలో, బాటిల్ ఇంకో గోతంలో వేస్తాడు. బాటిల్ పెట్ (PET అనే పాలిస్టర్ ప్లాస్టిక్), నీళ్లలో మునుగుతుంది. మూత పాలీఇథిలీనో పాలీప్రొపిలీనో, తేలుతుంది. కుక్కర్ పిడి ఊడదీసి పక్కకి విసిరేశాడు. "ఇది కరగదమ్మా, ఎవడూ కొనడు" అన్నాడు. బేకలైట్, క్రాస్‌లింకులు, అంటే గొలుసుల్ని అడ్డంగా కట్టేసే బంధాలు! పెట్ ముక్కల్ని కరిగించే ముందు ఎందుకు బాగా ఆరబెడతారో కూడా అప్పుడే తట్టింది. తయారీలో బయటికి పంపిన నీళ్లే, తడి మిగిలితే ఆ వేడికి గొలుసులో ముక్కల్ని కలిపే ఎస్టర్ బంధాల్ని కోసేస్తాయి. అలాగని పెట్ మట్టిలో కలిసిపోతుందని రాయకండి, నేను రాసి పోగొట్టుకున్నాను. ఆ పని చేసేది బాక్టీరియా తయారుచేసే ప్లాస్టిక్, పీహెచ్‌బీవీ.

మిగతా యూనిట్లన్నీ పాత పేపర్లే, పదేసిసార్లు.

"ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడు చదివావ్" అని అడుగుతున్నారు. పొద్దున 4 గంటలకి లేచి చదివాను. పిల్లాడి స్కూల్ ఫంక్షన్‌కి పోలేదు, ఆడపడుచు మాటలు పడ్డాను, తప్పని ఇప్పటికీ అనుకోను. మీరూ ముందు ఆ రీల్స్ మానండి, తర్వాత టైమ్ లేదని నాతో చెప్పండి. సరే, ఎక్కువ మాట్లాడుతున్నాను. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి ఓయూకి పోవాలి, ఇంకా జిరాక్సులు తీయలేదు.